యాత్రామార్గంలో ఫోను, నెట్టు: బయలుదేరే ముందు కొన్ని మాటలు

(కార్తిక మాసంలో కాశీ, ప్రయాగ, గయ క్షేత్రాలకు బయలుదేరుతున్న భక్తబృందాన్ని ఉద్దేశించి ఆలయ కల్యాణమండపంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ వేదిక మీద సాధారణంగా క్షేత్రమాహాత్మ్యాలు, పురాణగాథలు వినిపిస్తాయి. కాశీఖండం గురించీ, గయాశ్రాద్ధ విధి గురించీ చెప్పడానికి పెద్దలు వేరే ఉన్నారు. వచ్చే రెండు ఆదివారాలూ వారి ప్రసంగాలే. నాకు అప్పగించిన విషయం చిన్నది. ప్రయాణంలో సెల్‌ఫోనుకు ఇంటర్నెట్ ఎలా సమకూర్చుకోవాలి, ఉన్నదాన్ని తోటివారితో ఎలా పంచుకోవాలి అన్నది. కార్యదర్శిగారు అడిగినప్పుడు, దేవాలయంలో చెప్పదగిన మాటేనా ఇది అని సందేహించాను. తరువాత నాలుగేళ్ళ కిందట కాశీలో జరిగిన ఒక సంగతి గుర్తుకు వచ్చింది. ఆ సంగతిలో తప్పు నాది. అందుచేత చెప్పవలసిన బాధ్యత కూడా నాదేనని ఒప్పుకున్నాను.

ముప్పై ఏళ్ళకు పైగా నేను తంతి, టెలిఫోను శాఖలో పనిచేసి విరమించినవాణ్ణి. ఆ తరువాత ఏటా మన యాత్రాబృందాల వెంట వెళుతున్నాను. సామాను లెక్క, రైలు పెట్టెల లెక్క, మనుషుల లెక్క చూడడం నా పని. పత్రికలవారు చరవాణి అని రాస్తారు గాని, మనం ఫోను అనే అనుకుందాం.

యాత్రికుడు ఇంటికి కబురు పంపుకోవడం కొత్తగా వచ్చిన చాపల్యం కాదు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18న చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరారు. వెంట నూరుమంది దాకా పరివారం. మజిలీ మజిలీకి తాము చూసినవన్నీ రాసి, మిత్రులు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళెగారికి పంపుతూ వచ్చారు. ఆ రాతలే 'కాశీయాత్ర చరిత్ర' అయి 1838లో అచ్చుపడ్డాయి. పదిహేను నెలల ప్రయాణంలో, అలసి మజిలీ చేరిన మనిషి దీపం దగ్గర కూర్చుని కలం పట్టాడంటే, ఇంటి దగ్గర ఎదురుచూసే మనిషి మీద ఉన్న మమకారమే కదా. నా ఉద్యోగపు తొలిరోజుల్లో కాశీకి వెళ్ళినవారి నుంచి తంతులు వచ్చేవి. 'క్షేమంగా చేరాము' అని రెండు మాటలు. ఆ కాగితం పట్టుకుని వీధిలోకి వెళితే, తంతి అనగానే ముందు ఇల్లంతా గొల్లుమనేది, చదివాక నవ్వేవారు. ఆ తంతి సేవను మన దేశంలో 2013 జూలైలో ఆపివేశారు. ఇప్పుడు ఆ రెండు మాటలు ఫోనులో పోతున్నాయి. అవి పోవాలంటే ఫోనుకు నెట్టు కావాలి.

రైలు టికెట్టు ఫోనులో ఉంటుంది. సత్రం గది ఖరారైన రసీదు ఫోనులో ఉంటుంది. పడవవాడికీ, పూలమ్మే ఆమెకూ డబ్బు ఫోనులోంచే ఇస్తున్నాం. పిల్లలు అమెరికాలో ఉన్నవారికి పిల్లల ముఖాలే ఫోనులో ఉన్నాయి. కనుక ఇది విలాసం అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. అయితే ఇన్ని పనులు ఒకే వస్తువు మీద పెట్టినప్పుడు, అది పనిచేయని గంట ఒకటి వస్తుందని ముందే అనుకోవాలి.

ముందుగా హాట్‌స్పాట్ అంటే ఏమిటో చెబుతాను. గోదావరి కాలువ తెలిసినవారికి ఇది సులభం. పెద్ద కాలువ నుంచి ఒక తూము ద్వారా మన చేలోకి పిల్లకాలువ వస్తుంది. మన చేను గట్టుకు చిన్న గండి పెట్టి పక్క చేనుకు నీరు వదులుతాం. ఫోను కూడా అదే చేస్తుంది. టవరు నుంచి తనకు వచ్చే ఇంటర్నెట్‌ను, తనలోనే ఉన్న చిన్న వైఫై రేడియో ద్వారా పక్కనున్న ఫోన్లకు వదులుతుంది. పక్కవారి సిమ్ముతో దానికి నిమిత్తం లేదు. వారి ఫోనులో సిమ్ము లేకపోయినా వాట్సాప్ నడుస్తుంది. కాని గండి పెట్టిన చేనుకు నీరు తగ్గుతుంది. నలుగురు గండ్లు పెడితే చివరి చేనుకు తడి కూడా అందదు. పైగా ఆ నీరు పారే దూరం బహు స్వల్పం. పది మీటర్లు అనుకోండి, మధ్యలో ఒక గోడ ఉంటే అంతకన్నా తక్కువ. ఈ పది మీటర్ల మాట మనసులో పెట్టుకోండి, నా కథ అంతా అందులోనే ఉంది.

పెట్టుకునే విధానం కష్టమేమీ కాదు. సెట్టింగ్స్‌లో 'హాట్‌స్పాట్, టెథరింగ్' అని ఉంటుంది. ఐఫోనులో 'పర్సనల్ హాట్‌స్పాట్' అంటారు. అక్కడ పేరు, పాస్‌వర్డ్ కనిపిస్తాయి. పేరు మీరు గుర్తుపట్టేటట్టు మార్చుకోండి. రైలు పెట్టెలో ఒకే కంపెనీ ఫోన్ల పేర్లు పదిహేను కనిపిస్తాయి, ఏది ఎవరిదో తెలియదు. పాస్‌వర్డ్ కనీసం ఎనిమిది అక్షరాలు ఉండాలి. దయచేసి ఒకటి నుంచి ఎనిమిది దాకా వరుస అంకెలు పెట్టకండి. ఈ దేశంలో సగం తాళాలకు అదే తాళంచెవి అనిపిస్తుంది నాకు. ఇప్పటి ఆండ్రాయిడ్ ఫోన్లలో క్యూఆర్ గళ్ళ బొమ్మ చూపే వీలుంది. పక్కవారు కెమెరాతో దాన్ని చూస్తే చాలు, పాస్‌వర్డ్ నోటితో చెప్పనవసరం లేదు. పాత ఫోను మీ హాట్‌స్పాట్‌ను అసలు చూడలేకపోతే కంగారుపడకండి. మీ ఫోను 5 గిగాహెర్ట్జ్ మీద ప్రసారం చేస్తూ ఉండవచ్చు. దాన్ని 2.4కు మార్చితే పాత ఫోనుకు కనిపిస్తుంది, గోడ అవతలికి కూడా కొంత మెరుగ్గా పోతుంది. ఐఫోనులో ఈ పనికే 'మాగ్జిమైజ్ కంపాటిబిలిటీ' అనే మీట ఉంది.

ఇందులో ఒక సూక్ష్మం చాలామందికి తెలియదు. మీ హాట్‌స్పాట్‌కు తగులుకున్న ఫోను, తాను ఇంట్లో వైఫై మీద ఉన్నాననుకుంటుంది. ఇంట్లో వైఫై అంటే ఖర్చు లేనిదని దాని నమ్మకం. వెంటనే, పగలంతా తీసిన ఫోటోలన్నీ పైకి ఎక్కించడం మొదలుపెడుతుంది, యాప్‌ల కొత్త రూపాలు దించుకుంటుంది. యజమాని ఫోను ముట్టుకోనే లేదు, జేబులో ఉంది. మీ రోజువారీ ఒకటిన్నర జీబీ గంటలో ఆవిరి. రెండేళ్ళ కిందట ప్రయాగలో మాకు ఇలాగే జరిగింది. త్రివేణీసంగమంలో స్నానం చేసి వచ్చేసరికి నా డేటా పూర్తయిందని సందేశం. ఎవరు సినిమా చూశారని అందరినీ అడిగాను. ఎవరూ చూడలేదు, నిజమే చెప్పారు. ఒక దంపతుల ఫోను మూడువందల ఫోటోలు తనంతట తాను పంపుకుంటూ ఉంది. ఆ రోజు నిష్కారణంగా నేను అనుమానించిన వారికి ఈ సభాముఖంగా మరోసారి క్షమాపణ చెప్పుకుంటున్నాను. దీనికి ఉపాయం ఉంది. తగులుకున్న ఫోనులో ఆ వైఫై పేరును నొక్కిపెట్టి, దాన్ని 'మీటర్డ్' అని గుర్తించాలి. అంటే కొలత గల నెట్టు అని ఫోనుకు చెప్పడం. ఐఫోనులో 'లో డేటా మోడ్' అంటారు. అప్పుడది పొదుపుగా ఉంటుంది. రోజు వాటా పూర్తయితే చాలా పథకాలలో నెట్టు ఆగదు, 64 కేబీపీఎస్‌కు మందగిస్తుంది. ఆ వేగంతో సందేశం పోతుంది, ముఖం కనిపించదు. అర్ధరాత్రి దాటాక మళ్ళీ వాటా వస్తుంది.

ఇక కథ.

నాలుగేళ్ళ కిందటి కార్తికంలో మేము పధ్నాలుగుమందిమి వెళ్ళాం. బృందంలో ఒక పెద్దమ్మగారున్నారు. డెబ్బై దాటిన వయస్సు, భర్త పోయి ఏడాది నిండింది, ఒక్కడే కుమారుడు న్యూజెర్సీలో ఉద్యోగం. కాశీలో తొమ్మిది రాత్రులు నిద్ర చేయాలని ఆమె సంకల్పం. రైలు ఎక్కిన తరువాత తెలిసింది, ఆమె సిమ్ముకు రీచార్జి గడువు ఎప్పుడో ముగిసిపోయింది. ఇంట్లో వైఫై ఉంది, వాట్సాప్ నడుస్తోంది, కుమారుడు రోజూ అందులోనే మాట్లాడుతున్నాడు. కనుక ఆమెకు ఆ సంగతి తెలియనే లేదు. రైల్లో నా హాట్‌స్పాట్‌కు కలిపాను, కుమారుడు కనిపించాడు. సంగతి విని, 'రీచార్జి ఇప్పుడే చేసేస్తాను బాబాయిగారూ' అన్నాడు. నేను, 'ఎందుకయ్యా వృథా, నా నెట్టు ఉందిగా, అమ్మగారు నా పక్కనే ఉంటారు' అన్నాను. రెండు మూడు వందల రూపాయలు ఆదా చేసిపెట్టానన్న తృప్తి కూడా కలిగింది. నిజం చెప్పాలంటే, అవసరానికి అందరూ నా దగ్గరికి రావడం నాకు బాగానే ఉండేది. 'గురువుగారూ, నెట్టు' అని పిలుస్తుంటే, ఒకప్పుడు టెలిఫోను కనెక్షను కోసం జనం మా ఆఫీసు చుట్టూ తిరిగిన రోజులు గుర్తుకు వచ్చేవి.

మూడవనాటి సాయంకాలం దశాశ్వమేధఘాట్‌లో గంగాహారతి. కార్తికంలో ఆ జనసమ్మర్దం చూసినవారికి చెప్పనక్కరలేదు. హారతి ముగిశాక మెట్లమీద నుంచి జనం ఒక్కసారిగా లేచారు. గొదౌలియా కూడలి దాకా వచ్చి లెక్క చూసుకుంటే పదమూడుగురిమే ఉన్నాం. పెద్దమ్మగారు లేరు.

ఫోను చేద్దామంటే ఆమె సిమ్ముకు కాల్స్ రావు, పోవు. వాట్సాప్‌లో పిలుద్దామంటే నా పది మీటర్లు దాటిన మరుక్షణం ఆమె ఫోనుకు నెట్టు లేదు. పొద్దుటి నుంచి ఆరుగురికి హాట్‌స్పాట్ ఇచ్చిన నా ఫోను అప్పటికే ఆఖరి శ్వాసలో ఉంది. కూడలిలో నిలబడి రెండు ఫోన్లు చేయగానే ఆరిపోయింది. పవర్‌బ్యాంకు సత్రంలో ఉంది. మెట్లన్నీ వెదికాం. అక్కడి పోలీసు సహాయకేంద్రంలో చెప్పాం. మైకులో పేరు పిలిపించాం, పిలిచినవారు హిందీలో పిలిచారు. ఆమెకు హిందీ రాదు. సత్రం ఎక్కడ అని ఎవరైనా అడిగితే చెప్పడానికి ఆమెకు సత్రం పేరు కూడా తెలియదు. కేదారఘాట్ వైపు సందుల్లో, పచ్చని తలుపులున్న ఇల్లు, ఎదురుగా ఆవు కట్టేసి ఉంటుంది, అదే గుర్తు. కాశీ సందుల్లో అది గుర్తే కాదు.

మేము వెదుకుతున్న ఆ రెండు గంటలు ఆమె ఏం చేశారో తరువాత ఆమే చెప్పారు. ముందు ఫోను తీసి కుమారుడి బొమ్మ మీద నొక్కారట. గుండ్రంగా తిరుగుతూ ఉంది గాని పలకలేదు. మనమడి బొమ్మ మీద నొక్కారు. నా బొమ్మ మీద నొక్కారు. 'అందరూ చేతిలోనే ఉన్నారు నాయనా, ఒక్కరూ పలకలేదు' అన్నారు. ఆ మాట ఈనాటికీ నా చెవిలోనే ఉంది. తరువాత ఒక పూసలదండల దుకాణం అరుగు మీద కూర్చున్నారు. కాశీలో దుకాణదారులకు, పడవవాళ్ళకు మన యాత్రికుల పుణ్యాన నాలుగు తెలుగు ముక్కలు వస్తాయి. ఆ దుకాణం కుర్రవాడు 'ఏమయింది అమ్మా' అని అడిగాడు. ఆమె ఫోను చూపించారు. వాడు చూశాడు, సిగ్నల్ గీతలున్నాయి, నెట్టు లేదు. ఏమీ అడగకుండా తన ఫోను తీసి హాట్‌స్పాట్ పెట్టి ఆమె ఫోనుకు కలిపాడు. కుమారుడి బొమ్మ నొక్కమన్నాడు.

అక్కడ ఉదయం పది గంటలు. కుమారుడు ఆఫీసులో ఉండి ఎత్తాడు. తల్లి ఏడుపు విని, దుకాణం కుర్రవాడితో హిందీలో మాట్లాడి స్థలం తెలుసుకున్నాడు. నాకు చేస్తే నా ఫోను చచ్చిపోయి ఉంది. బయలుదేరేముందు ఇంటివారందరికీ ఇచ్చిన కాగితంలో సత్రం నంబరు ఉంది. దానికి చేశాడు. సత్రం మేనేజరు మనిషిని పంపాడు. మేము తలలు వేలాడేసుకుని సత్రం చేరేసరికి ఆమె వరండాలో కూర్చుని కాఫీ తాగుతున్నారు.

ఆ రాత్రి కుమారుడు ఫోను చేశాడు. కోపపడలేదు. 'బాబాయిగారూ, నేను రీచార్జి చేస్తానన్నాను కదా, మీరెందుకు వద్దన్నారు' అని మాత్రం అడిగాడు. సమాధానం లేదు నా దగ్గర. ఆ ఫోనులో రీచార్జి అయి ఉంటే, ఆమెకు హాట్‌స్పాట్ అవసరమే లేదు. వాట్సాప్ రాకపోయినా మామూలు కాల్ పోయేది. నేను పంచినది నెట్టు అనుకున్నాను. పది మీటర్ల తాడు కట్టి నడిపించానని తెలియలేదు. అయితే ఆమెను మాకు తిరిగి ఇచ్చింది కూడా ఆ హాట్‌స్పాటే. దుకాణం కుర్రవాడు రూపాయి పుచ్చుకోలేదు. మర్నాడు వెళ్ళి బృందంలో అందరం తలా రెండు దండలు కొన్నాం. బేరం మాత్రం ఆడనివ్వలేదు పెద్దమ్మగారు.

అప్పటినుంచి మా బృందంలో పెట్టుకున్న కట్టుబాట్లు మీకు చెబుతాను. ఎవరి సిమ్ము వారిదే, గడువు తిరుగు రైలు దాటి కనీసం వారం ఉండాలి. ఇరవైయెనిమిది రోజుల పథకమైతే ఏనాడు వేయించారో క్యాలెండరులో గీత పెట్టుకోండి. ఇప్పుడు దేశమంతటా ఒకటే రీచార్జి, కాశీలో వేరే సిమ్ము అక్కరలేదు. అంతా ఒకే కంపెనీ సిమ్ములు పెట్టుకుని రావద్దు. ఒక కంపెనీ సిగ్నల్ లేనిచోట మరొకరిది ఉంటుంది, అక్కడ హాట్‌స్పాట్ అక్షరాలా పుణ్యకార్యం. హిమాలయ క్షేత్రాలకు వెళ్ళేవారికి ఇది మరీ ముఖ్యం. ఆ లోయల్లో ఒక మలుపులో సిగ్నల్ ఉంటుంది, మరో మలుపులో ఉండదు. రెండు సిమ్ములు పట్టే ఫోనులో రెండవ గది ఖాళీగా ఉంటే వేరే కంపెనీది వేసుకోండి.

హాట్‌స్పాట్ ఇచ్చేవారు బృందానికి ఇద్దరు, వంతులవారీగా. వారి దగ్గర పవర్‌బ్యాంకు గదిలో కాదు, భుజాన ఉండాలి. పదివేల ఎంఏహెచ్‌ది చాలు. విమానంలో వెళ్ళేవారు దాన్ని చేతిసంచిలోనే పెట్టుకోవాలి, లోపలికి వేసే సామానులో పెట్టనివ్వరు. పని అయిపోగానే హాట్‌స్పాట్ ఆపివేయాలి. రాత్రి సత్రంలో ఒక అరగంట సమయం పెట్టాం. అందరూ పిల్లలతో మాట్లాడుకుంటారు, ఆ తరువాత అది మూతపడుతుంది. మొదట్లో గొణిగారు. ఇప్పుడు ఆ అరగంట కోసం ముందే వచ్చి చాపలు పరుచుకుంటున్నారు. ఒకరి మనమణ్ణి మరొకరు చూస్తున్నారు.

నెట్టు లేకుండానే అయ్యే పనులు ఇంటి దగ్గరే చేసుకుని రండి. గూగుల్ మ్యాప్స్‌లో కాశీ పటాన్ని ముందే దించి పెట్టుకుంటే నెట్టు లేకపోయినా దారి చూపుతుంది. ఇరుకు సందుల్లో అది కూడా తికమకపడుతుంది, అది వేరే మాట. తెలుగు, హిందీ అనువాదానికి కావలసిన సరంజామా కూడా అలాగే దించుకోవచ్చు. ఐఆర్‌సీటీసీ టికెట్టుకు వచ్చిన ఎస్సెమ్మెస్, అసలు గుర్తింపుకార్డు ఉంటే రైల్లో సరిపోతుంది, నెట్టు తెరిచి చూపనక్కరలేదు. డబ్బు పంపడానికి స్టార్ 99 హాష్ అనే పద్ధతి ఉంది, నెట్టు లేకుండా మామూలు సిగ్నల్‌తో పనిచేస్తుంది. దాన్ని ముందే ఒకసారి ఇంట్లో చేసి చూడాలి. దారిలో నేర్చుకునే విద్య కాదది. అన్నిటికన్నా, కొంత నగదు నడుముకు ఉండాలి. ఆపద వస్తే 112. మీ కంపెనీ సిగ్నల్ లేకపోయినా అక్కడ అందుబాటులో ఉన్న మరో కంపెనీ ద్వారా ఆ కాల్ పోతుంది.

దేవాలయాలలోకి ఫోను తీసుకుపోనివ్వరు. తిరుమలలో మీకందరికీ అలవాటే. కాశీ విశ్వనాథుని సన్నిధిలో అంతే, పూరీలో అంతే. తమిళనాడు ఆలయాలలో ఫోన్లు నిషేధించమని 2022 డిసెంబరులో మద్రాసు హైకోర్టు ఆదేశించింది. ఇది మంచి కట్టుబాటని నా అభిప్రాయం. దర్శనవేళ కూడా చేతులు జోడించకుండా పైకెత్తి ఫోటోలు తీసే మనుషులం మనం. కాని ఆలోచించండి, యాత్రలో మనం తప్పిపోయే అవకాశం ఎక్కువగా ఉండేది సరిగ్గా ఆ క్యూలలోనే, అప్పుడు ఫోన్లన్నీ బయట లాకరులో ఉంటాయి. అందుకే ఏ ద్వారం నుంచి లోపలికి వెళ్ళాం, బయటికి వచ్చాక ఏ దుకాణం ముందు కలవాలి అన్నది ఫోన్లు అప్పగించే ముందే నోటితో చెప్పుకుని, రెండుసార్లు అనిపించుకోవాలి. ఇక కాగితం. సత్రం పేరు, వీధి, నంబరు హిందీలోనూ తెలుగులోనూ రాసిన చీటీ, దాని కింద బృందంలో ఇద్దరి నంబర్లు, ఇంటివారి నంబరు ఒకటి. స్త్రీలు దాన్ని కొంగుకు ముడివేసుకోండి, పురుషులు చొక్కా లోపలి జేబులో పెట్టుకోండి. ఫోను తడుస్తుంది, పోతుంది, ఆరిపోతుంది. కొంగుముడికి చార్జింగ్ అక్కరలేదు.

రైల్వే స్టేషన్లలో రైల్‌టెల్ వారి వైఫై ఉంది. 2016లో ముంబయి సెంట్రల్‌లో మొదలై ఇప్పుడు దేశంలో వేలాది స్టేషన్లలో దొరుకుతోంది. రోజుకు మొదటి అరగంట ఉచితం. మీ నంబరుకు వచ్చే ఓటీపీ కొట్టాలి. అంటే సిమ్ము బతికి ఉండాలి, పెద్దమ్మగారి సిమ్ములాంటిది అక్కడా పనికిరాదు. సత్రాల వైఫై, హోటళ్ళ వైఫై వాడుకోండి గాని, బ్యాంకు పనులు మాత్రం మీ సొంత సిమ్ము నెట్టు మీదే చేయండి. గదుల కోసం, కేదారనాథ్ హెలికాప్టరు కోసం నెట్టులో వెదికేటప్పుడు మరీ జాగ్రత్త. హెలికాప్టరు టికెట్లు ఐఆర్‌సీటీసీ వారి హెలీయాత్రా వెబ్‌సైటులో తప్ప మరెక్కడా కొనకండి. అచ్చం అలాగే కనిపించే దొంగ పుటలున్నాయి.

రైల్లో అపరిచితులు హాట్‌స్పాట్ అడుగుతారు. ఇవ్వాలా వద్దా అని నన్ను చాలామంది అడిగారు. మీ నెట్టుతో ఎవరేం చేసినా బయటికి అది మీ కనెక్షను పేరనే కనిపిస్తుంది. కనుక వద్దనేవారిని నేను తప్పుపట్టను. నా మటుకు నేను, టికెట్టు చూసుకోవడానికో, ఇంటికి ఒక మాట చెప్పడానికో అడిగితే ఇస్తాను. పక్కనే కూర్చోబెట్టుకుని ఇస్తాను, అయిపోగానే ఆపి పాస్‌వర్డ్ మార్చుకుంటాను. ఆ దండల దుకాణం కుర్రవాడు నన్నడిగితే ఇవ్వకుండా ఉండగలనా అనిపిస్తుంది. ఎంత మంచివారైనా సరే, మన ఫోను వారి చేతికి ఇవ్వడం, ఓటీపీ చెప్పడం మాత్రం ఎన్నడూ కూడదు.

వచ్చే ఏడాది వైష్ణోదేవికి, అమరనాథ్‌కు వెళ్ళాలనుకునేవారు ఒక్కటి గుర్తుంచుకోండి. మన ప్రీపెయిడ్ సిమ్ములు జమ్మూకశ్మీర్‌లో పనిచేయవు, పోస్ట్‌పెయిడ్ అయితేనే పనిచేస్తాయి. బృందంలో ఇద్దరిదైనా పోస్ట్‌పెయిడ్ ఉంటే అక్కడ హాట్‌స్పాట్ విలువ తెలుస్తుంది. ముక్తినాథ్, పశుపతినాథ్ వెళ్ళేవారికి నేపాల్ పరదేశమే. అంతర్జాతీయ రోమింగ్ వేయించుకోకపోతే మన సిమ్ము పలకదు. వేయించుకుని మరచిపోతే బిల్లు పలుకుతుంది. సరిహద్దుకు చేరకముందే డేటా రోమింగ్ మీట ఆపివేసి, అక్కడి సిమ్ము తీసుకోవడం తేలిక. సిమ్ము మారినా వాట్సాప్ పాత నంబరు మీదే నడుస్తుంది, 'నంబరు మార్చాలా' అని అది అడిగితే వద్దనండి. బ్యాంకు ఓటీపీలు మాత్రం పాత సిమ్ముకే వస్తాయి, దాన్ని తీసి పారేసుకోకండి.

బయలుదేరడానికి ఇంకా మూడు వారాలుంది. సభ ముగిశాక ప్రసాదం పంచేచోట ఒక బల్ల వేయించాను. మీ ఫోన్లు తీసుకురండి. రీచార్జి గడువు చూద్దాం, హాట్‌స్పాట్ ఒకసారి పెట్టి తీసి నేర్చుకుందాం, చీటీలు నేనే హిందీలో రాసి ఇస్తాను. నిరుటి బృందంలో నేర్చుకున్న ఇద్దరు కుర్రవాళ్ళు కూడా సాయం ఉంటారు.

నేను కథ చెప్పిన పెద్దమ్మగారు ఈసారి గయకు వస్తున్నారు, ముందు వరుసలోనే కూర్చున్నారు. ఇందాక సభకు ముందు, 'అమ్మా, రీచార్జి వేయించుకున్నారా' అని అడిగాను. కొంగుముడి విప్పి చీటీ చూపించి, 'నాది సరే నాయనా, నీ ఫోనులో చార్జింగ్ ఉందా' అన్నారు.